ఫౌంటెన్ పెన్నుల సేకరణ: ఆశ పుట్టించే ఒళ్ళు, తృప్తినిచ్చే పాళీ

మీ దగ్గర ఇప్పటికి ఏడు ఫౌంటెన్ పెన్నులు చేరాయనీ, వాటిలో రెండింటితోనే రోజూ రాస్తున్నారనీ, అయినా ఎనిమిదో పెన్ను మీదికి మనసు పోతోందనీ చెప్పారు. దీన్ని సేకరణ అనవచ్చా, వట్టి కొనుగోలు యావ అనుకోవాలా అన్నది మీ మొదటి ప్రశ్న. బంగారు పాళీకి (నిబ్‌కు) అంత విలువ ఎందుకు, పాత పెన్నులు ధైర్యంగా కొనవచ్చా అన్నవి తరువాతివి. చివరిది, మీ దగ్గర ఇప్పటికే ఉన్న పెన్నుకు లిమిటెడ్ ఎడిషన్‌గా వచ్చిన కొత్త రంగు తీసుకోవాలా, లేక లోపలి సంచిని పట్టీతో నొక్కి సిరా నింపే ఏరోమెట్రిక్ రకం పాత పార్కర్ 51 తీసుకోవాలా అన్నది.

ఈ పెన్నులను కొంటూ, విప్పి బాగుచేస్తూ, కొన్నింటిని ఇతరులకు ఇచ్చేస్తూ వచ్చినవాడిగా నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. ఈ వ్యాపకంలో ఆశను పుట్టించేది పెన్ను ఒళ్ళు, చివరిదాకా తృప్తినిచ్చేది దాని పాళీ. బొమ్మలో కనిపించేవి రంగు, మెరుపు, క్లిప్పు, మూత మీది ఉంగరం మాత్రమే కాబట్టి కొనాలన్న కోరిక వాటి నుంచే పుడుతుంది. పాళీ కాగితం మీద ఎలా నడుస్తుందో ఏ బొమ్మా చూపలేదు. కొన్న నెల తరువాత కూడా ఆ పెన్నును చేతిలోకి తీసుకుంటున్నామా లేదా అన్నది మాత్రం పాళీయే తేలుస్తుంది. మీ ఏడింటిలో ఐదు పెట్టెలోనే ఉండిపోవడానికి కారణం ఇక్కడే దొరుకుతుందని నా అనుమానం. మిగతా ప్రశ్నలన్నింటికీ ఈ తేడాను పట్టుకునే సమాధానం చెబుతాను.

ముందు పాళీ పని ఏమిటో చూద్దాం. బాల్ పెన్నులో చిక్కటి సిరాను చిన్న గోళీ దొర్లించి పూస్తుంది కాబట్టి, అది దొర్లడానికి చేతితో కొంత నొక్కక తప్పదు. ఫౌంటెన్ పెన్నులో సిరా నీళ్ళలా పలుచన. పాళీ చీలికలోకి, అక్కడి నుంచి కాగితపు నారలోకి అది కేశనాళికీయతతో తనంతట తానే పాకుతుంది. పాళీ కింద ఉండే ఫీడ్ రెండు పనులు చేస్తుంది: సన్నని గాడుల గుండా సిరాను ముందుకు పంపడం, ఖర్చయిన సిరా స్థానంలోకి అంతే గాలిని వెనక్కి రానివ్వడం. ఈ ఇచ్చిపుచ్చుకోవడం సరిగ్గా సాగకపోతే పెన్ను ఎండిపోతుంది, లేదా సిరా కక్కుతుంది. 1884లో లూయిస్ వాటర్‌మన్ అమెరికాలో పేటెంటు పొందినది ఈ ఫీడ్‌కే. అంతకుముందు కూడా సిరాను కడుపులో దాచుకునే పెన్నులు ఉండేవి, కానీ వాటిని నమ్ముకుని ఒక ఒప్పంద పత్రం మీద సంతకం చేయడం సాహసమే. కాబట్టి బాగా అమరిన ఫౌంటెన్ పెన్నుతో రాసేటప్పుడు చేతికి మిగిలే పని దిశ చూపడం మాత్రమే. పెన్ను సొంత బరువుతోనే గీత పడుతుంది. పేజీలకు పేజీలు రాసేవారికి ఈ వ్యాపకంలో మొదటి సుఖం ఇదే. దీన్ని ఒకసారి ఎరిగిన చేయి మళ్ళీ నొక్కి రాయడానికి ఒప్పుకోదు.

రెండో సుఖం పాళీల వైవిధ్యం. అతి సన్నం, సన్నం, మధ్యమం, వెడల్పు అన్న నాలుగు మాటలు పెట్టెల మీద కనిపిస్తాయి గానీ వాటికి అందరూ పాటించే కొలత అంటూ లేదు. జపాన్ కంపెనీల మధ్యమం సాధారణంగా యూరప్ కంపెనీల సన్నానికి దగ్గరగా ఉంటుంది. చిన్న గడిలో ఎన్నో గీతలు ఇరికించాల్సిన లిపికి అలవాటుపడిన తయారీదారులు పాళీని సన్నగా చెక్కడం సహజమే. ఒత్తులు, గుడులు ఇరుకుగా పడే తెలుగు రాతకు కూడా ఇది పనికివచ్చే సంగతి. యూరప్ వెడల్పు పాళీతో చిన్నగా రాస్తే క్ష కింద వత్తు చిక్కటి మచ్చగా మిగులుతుంది. మొన నలుచదరంగా కోసిన ఇటాలిక్ పాళీ నిలువు గీతను లావుగా, అడ్డ గీతను సన్నగా ఇస్తుంది, కానీ గుండ్రటి అక్షరాల వంపు తిరిగేచోట దాని పదునైన అంచు కాగితాన్ని పట్టుకుంటుంది. అదే కోతలో అంచులను గుండ్రంగా అరగదీసిన స్టబ్ పాళీ మన అక్షరాలకు బాగా నప్పుతుంది. ప్లాటినం కంపెనీ చేసే మ్యూజిక్ పాళీకి ఒక చీలికకు బదులు రెండు చీలికలు, వాటి పక్కల మూడు రెక్కలు ఉంటాయి. సెయిలర్ వారి నగినతా పాళీ మొనను పొడవుగా, ఏటవాలుగా చెక్కుతారు. పెన్నును కాస్త నిలబెట్టి పడితే సన్నని గీత, వాల్చి పడితే లావు గీత వస్తుంది. ఇలాంటి రెండు పాళీలు పక్కపక్కన ఉన్నవారి సంచయం, ఒకే పాళీ బిగించిన పది రంగుల పెన్నులు ఉన్నవారి సంచయం కంటే పెద్దదని నేను లెక్కవేస్తాను. ఈ సంగతిని అమెరికా కంపెనీ ఎస్టర్‌బ్రుక్ ఒకప్పుడు చాలా తెలివిగా గ్రహించింది. ఒళ్ళు సాదాగా చేసి, మరతో బిగించే ఉక్కు పాళీలను ఎన్నో రకాలుగా అమ్మింది. కావలసిన పాళీని కొన్నవారే చేత్తో తిప్పి మార్చుకునేవారు. ఒక్క పెన్ను చుట్టూ ఆ పాళీలను మాత్రమే పోగుచేసేవారు నేటికీ ఉన్నారు, వారిని చూస్తే నాకు గౌరవం.

ఇక బంగారం మాట. పాళీకి బంగారం రావడానికి కారణం అలంకారం కాదు, రసాయనం. పూర్వపు సిరాలు ఎక్కువగా ఇనుప లవణం, మాచికాయల టానిన్ కలిపి చేసినవి. వాటి ఆమ్లం మామూలు ఉక్కును తినేసేది. బంగారం ఆ ఆమ్లానికి లొంగదు, కానీ మెత్తని లోహం కాబట్టి కాగితం మీద త్వరగా అరిగిపోతుంది. అందుకని మొన మీద ఇరిడియం జాతి గట్టి లోహపు గింజను అతికించారు. తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ ఉక్కు వచ్చిన తరువాత ఆ పాత అవసరం చాలావరకు తీరిపోయింది. నేటి ఉక్కు పాళీ మీద కూడా అలాంటి గట్టి గింజే ఉంటుంది. ‘ఇరిడియం పాయింట్’ అని చెక్కి ఉన్నా ఆ గింజలో ఇప్పుడు ఎక్కువగా ఉండేవి రుథేనియం, ఆస్మియం, టంగ్‌స్టన్ వంటి ఇతర లోహాలు. కాగితాన్ని తాకేది ఈ గింజే తప్ప బంగారం కాదు కాబట్టి, నునుపుగా రాస్తుందా లేదా అన్నది గింజను ఎంత శ్రద్ధగా అరగదీశారన్న దాని మీదనే ఆధారపడుతుంది. పాళీ మీద 585 అని ఉంటే 14 క్యారెట్లు, 750 అని ఉంటే 18, 875 అని ఉంటే 21 క్యారెట్లు. అంకె పెరిగితే బంగారం పాళ్ళు పెరుగుతాయి, రాత మెరుగుపడాలన్న నియమం లేదు. పాళీలో మెత్తదనం దాని మందం నుంచీ, ఆకారం నుంచీ, రెక్కల పొడవు నుంచీ వస్తుంది. రాయి మీద గీసినట్టుండే 18 క్యారెట్ల పాళీలూ ఉన్నాయి, వంగి లేచే 14 క్యారెట్ల పాళీలూ ఉన్నాయి. అయినా బంగారు పాళీని కొట్టిపారేయను. మంచి కంపెనీలు బంగారు పాళీని చేతితో సరిచూసే శ్రద్ధను ఉక్కు పాళీ మీద పెట్టకపోవడం తరచుగా జరుగుతుంది. మీరు చెల్లించే అదనపు డబ్బులో ఎక్కువ భాగం ఆ శ్రద్ధకు అనుకుంటే అది న్యాయమైన బేరమే.

పాళీ విషయంలో రెండు ప్రమాదకరమైన ప్రలోభాలు ఉన్నాయి. మొదటిది, వంగే పాళీల వీడియోలు చూసి మామూలు పాళీని నొక్కడం. నూరేళ్ళనాటి కొన్ని బంగారు పాళీలు నొక్కితే విచ్చుకుని, వదిలితే మళ్ళీ కలుసుకునేలా చేసినవి. నేటి పాళీల్లో చాలావాటికి ఆ గుణం లేదు. ఒక హద్దు దాటి నొక్కితే రెక్కలు వంగిపోతాయి, తిరిగి యథాస్థితికి రావు. రెండోది, కొంచెం గీరుతున్న పాళీని మెత్తటి రాపిడి కాగితం మీద రుద్ది నునుపు చేయాలన్న కోరిక. గీరుడుకు చాలాసార్లు కారణం రెక్కలలో ఒకటి ఎత్తుగా, ఒకటి పల్లంగా ఉండటమే. పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దంతో చూస్తే ఇది స్పష్టంగా తెలుస్తుంది, పైకి లేచిన రెక్కను గోటితో మెల్లగా కిందికి అదిమితే చాలాసార్లు సరిపోతుంది. అది చూడకుండా రుద్దితే గింజ అరుగుతుంది. మరీ రుద్దితే చీలికకు ఇరువైపులా లోపలి అంచులు గుండ్రబడి సిరా కాగితాన్ని అందుకోలేక, ప్రతి వాక్యపు మొదటి గీతా పడకుండా పోతుంది. అరిగిన గింజను తిరిగి పెంచే ఉపాయం ఇంట్లో ఎవరికీ లేదు.

సేకరణకు నిజంగా లోతైన దారి ఏదంటే సిరా నింపే ఏర్పాట్ల దారి అని చెబుతాను. ఫౌంటెన్ పెన్ను చరిత్ర సగం, వేళ్ళకు సిరా అంటకుండా నింపడం ఎలా అన్న ఒక్క ప్రశ్నకు మనుషులు చెప్పిన జవాబుల చరిత్రే. మొదట డ్రాపరుతో గొట్టంలోకి సిరా పోసేవారు. ఆ తరువాత లోపల రబ్బరు సంచి పెట్టి దాన్ని బయటి నుంచి నొక్కే మార్గాలు వెతికారు. కాంక్లిన్ కంపెనీ పెన్ను పక్కన నెలవంక ఆకారపు లోహపు ముక్క పైకి పొడుచుకుని ఉండేది. దాన్ని నొక్కితే సంచి నలిగేది, పైగా పెన్ను బల్ల మీద నుంచి దొర్లిపోకుండా అదే అడ్డుపడేది. వాల్టర్ షేఫర్ 1908లో పేటెంటు పొందిన మీట ఆ ముక్కను పెన్ను ఒంట్లోకి అణిచేసింది. 1929లో పెలికాన్ కంపెనీ తెచ్చిన పెన్నులో వెనక పిడి తిప్పితే పిస్టన్ జరిగి సిరాను పీల్చుకుంటుంది. సంచి లేదు కాబట్టి గొట్టమంతా సిరాకే దక్కింది. పార్కర్ వాక్యుమాటిక్ 1933లో వచ్చింది, దాని పారదర్శకమైన చారల గుండా లోపల ఎంత సిరా మిగిలిందో చూసుకోవచ్చు. షేఫర్ స్నార్కెల్ 1952లో వచ్చి ఈ పోటీని పరాకాష్ఠకు తీసుకుపోయింది. పాళీ కింద నుంచి సన్నని గొట్టం బయటికి వచ్చి అది మాత్రమే సీసాలో మునుగుతుంది కాబట్టి పాళీని తుడవాల్సిన పనే లేదు. లోపల ఇన్ని భాగాలు పెట్టి ఇంత చిన్న చికాకును తొలగించడం అవసరమా అని ఎవరైనా అడిగితే నా దగ్గర సమాధానం లేదు, కానీ దాన్ని పనిచేయించి చూసినప్పుడల్లా ముచ్చటేస్తుంది. 1956లో వచ్చిన పార్కర్ 61 ఇంకో దారి పట్టింది: కదిలే భాగం ఒక్కటీ లేదు, వెనక కొసను సిరాలో నిలబెడితే చాలు, కేశనాళికీయతే నింపుతుంది. పైలట్ కంపెనీ 1963లో తెచ్చిన క్యాప్‌లెస్ మూతనే తీసేసి, పాళీని బాల్ పెన్ను మొనలా లోపలికి, బయటికి జరిగేలా చేసింది.

నెలవంక, మీట, పిస్టన్, స్నార్కెల్ ఒక్కొక్కటి చొప్పున నాలుగు పెన్నులు ఉంటే, ఒక్కొక్కటీ దాని ముందుదానిలోని లోపాన్ని ఎలా సరిదిద్దిందో, సరిదిద్దుతూ ఏ కొత్త లోపాన్ని తెచ్చుకుందో చేతులతోనే తెలుసుకోవచ్చు. మీరడిగిన తేడా ఇక్కడ ఉంది. ఏదో ఒక ప్రశ్న వెంట వెళ్ళి పెన్నులు చేరితే దాన్ని సేకరణ అంటాను. ఆ ప్రశ్న పాళీల గురించి కావచ్చు, యంత్రాంగం గురించి కావచ్చు, ఒక కంపెనీ ఒక దశాబ్దంలో చేసిన ప్రయోగాల గురించి కావచ్చు. ప్రశ్న ఉన్నప్పుడు ఏ పెన్ను అవసరమో, ఏది అనవసరమో దానంతటదే తెలుస్తుంది. ప్రశ్న లేనప్పుడు ప్రతి పెన్నూ అవసరమైనదిగానే కనిపిస్తుంది.

పెన్ను ఒంటిని నేను తక్కువ చేయడం లేదు. చేతికి తగిలేది అదే, కొన్ని పదార్థాలకు నిజంగా సాటి లేదు. రబ్బరును గంధకంతో గట్టిపరిచి చేసే ఎబొనైట్ చేతిలో చల్లగా ఉండదు, చెమటకు జారదు. దాని మీద వెలుతురు, తేమ సోకితే నలుపు మెల్లగా ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగుకు మారుతుంది, అందుకే పాత ఎబొనైట్ పెన్నును శుభ్రం చేయాలని రాత్రంతా నీళ్ళలో నానబెట్టడం ఘోరం. సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌లో ఉన్న లోతు, పొరలు పొరలుగా మెరిసే తీరు నేటి రెజిన్లలో అంతగా కనిపించదు. మూత తీయగానే వచ్చే కర్పూరపు వాసన కూడా దానిదే. కానీ అది త్వరగా అంటుకుని మండే పదార్థం, వేడికి ఆకారం మార్చుకుంటుంది, లోపల పాడైన రబ్బరు సంచి నుంచి వెలువడే గంధకపు ఆవిరికి లేత రంగులు గోధుమరంగులోకి తిరుగుతాయి. అలాంటి పెన్నులను గాలి చొరని డబ్బాలో బిగించకూడదు, ఎండ తగిలే అద్దాల బీరువాలో పెట్టకూడదు. పాల నుంచి తీసే కేసీన్‌తో చేసిన పెన్నులు చూడచక్కనివి, కానీ నీళ్ళు తగిలితే ఉబ్బుతాయి, కాబట్టి తడిగుడ్డతో తుడవడం కంటే ఎక్కువ ఏదీ చేయకండి.

ఇప్పుడు లిమిటెడ్ ఎడిషన్ల సంగతి. మోంబ్లాఁ కంపెనీ తన పాళీల మీద చెక్కే 4810 అన్న అంకె అదే పేరున్న పర్వతం ఎత్తును మీటర్లలో చెబుతుంది. 1992లో లొరెంజో ద మెడిచి పేరుతో ఆ కంపెనీ చేసిన పెన్నులు కూడా సరిగ్గా 4810. ఆ పెన్ను చేతిపనిలోనే విశేషం ఉంది, దాన్ని కోరుకోవడాన్ని అర్థం చేసుకోగలను. కానీ అప్పటి నుంచి అంకెలు చెక్కి అమ్మే పద్ధతి ఎంతగా పాకిందంటే, నేడు మామూలు పెన్నుకు కూడా ఏటా ఒక కొత్త రంగు, ఆ రంగుకు ఒక పేరు, ఆ పేరుకు ఒక గడువు. లోపల పాళీ అదే, ఫీడ్ అదే, నింపే ఏర్పాటు అదే. రంగు మారిందన్న కారణంతో వాక్యం వేరుగా పడదు. ఇక్కడ తయారీదారు అమ్ముతున్నది పెన్నును కాదు, చేజారిపోతుందన్న బెంగను. దీనికి ఎదురుగా లామీ 2000ను పెట్టి చూడండి. గెర్డ్ ఆల్‌ఫ్రెడ్ ముల్లర్ రూపకల్పనతో 1966లో వచ్చిన ఆ పెన్ను నేటికీ దాదాపు అదే రూపంలో తయారవుతోంది. ఈ ఏడాది కొనలేకపోతే వచ్చే ఏడాది కొనవచ్చు. అలా నిదానంగా ఎదురుచూడగలిగిన పెన్నును ఎదురుచూసే కొనండి. గడువు తేదీ చూపించి తొందరపెట్టే పెన్ను విషయంలో మాత్రం ఒకే ప్రశ్న వేసుకోండి: దీని పాళీ నా దగ్గర ఉన్నవాటి కంటే ఏ విధంగా వేరు? సమాధానం ‘వేరు కాదు’ అయితే మీరు కొంటున్నది రంగునే. రంగును కొనడం నేరమేమీ కాదు, ఆ సంగతి తెలిసి కొంటే చాలు.

కొనడంలోనే ఒక రుచి ఉంది, దాన్ని కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. వేలంలో చివరి నిమిషం దాకా కాచుకుని కూర్చోవడం, పార్సిల్ ఎక్కడిదాకా వచ్చిందో రోజుకు నాలుగుసార్లు చూసుకోవడం, విప్పేటప్పటి ఆత్రం, ఇవన్నీ పెన్ను చేతికి అందిన మరుక్షణం ముగిసిపోయేవే. వేటను ఇష్టపడేవారు వేటాడిన ప్రతిసారీ సంతోషిస్తారు గానీ పట్టుకున్నదాన్ని ఏం చేయాలో వారికి తోచదు. మీ పెట్టెలోని ఐదు పెన్నులను ఒక్కొక్కటిగా సిరా నింపి, ఒక్కొక్కదానితో రెండు వారాలు అదొక్కటే వాడుతూ రాసి చూడండి. వేటలో దొరికినవి ఏవో, రాతకు పనికివచ్చేవి ఏవో తేలిపోతుంది. ఒకటి కొంటే ఒకటి అమ్మాలి అని కొందరు పెట్టుకునే నియమం మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. అది పెన్నుల సంఖ్యను అదుపులో ఉంచుతుంది, కొనుగోలును మాత్రం ఇంకా వేగవంతం చేస్తుంది. అమ్మిన ప్రతిసారీ కొంత నష్టపోతూ కూడా, నియమం పాటించామన్న తృప్తితో మళ్ళీ కొంటారు. పెన్నులను పెట్టుబడిగా చూడమని చెప్పేవారి మాట అసలే వినకండి. కొత్త పెన్నుల్లో అత్యధికం దుకాణం దాటగానే విలువ కోల్పోతాయి.

సిరాల ఆశ పెన్నుల ఆశకు చెల్లెలు. ఒక్కో సీసా ఖరీదు తక్కువ కావడంతో చేయి అదుపు తప్పుతుంది. సీసా సిరా పీల్చుకోవడానికి పెన్నులో బిగించే చిన్న గొట్టం, అంటే మామూలు కన్వర్టరులో ఒక మిల్లీలీటరు కంటే ఎక్కువ సిరా పట్టదు, కాబట్టి 50 మిల్లీలీటర్ల సీసా కనీసం యాభైసార్లు నింపడానికి వస్తుంది. వారానికి ఒకసారి నింపేవారికి ఒక్క సీసా ఏడాదికి సరిపోతుంది. ముప్ఫై సీసాలు చేరినవారు తమ ఆయుర్దాయాన్ని ఒకసారి లెక్క చూసుకోవాలి. అందువల్ల చిన్న నమూనా సీసాలు కొని రాసి చూసి, నచ్చినదాన్ని మాత్రమే పెద్ద సీసాగా తీసుకోవడం మేలు. మెరుపు పొడి కలిసిన సిరాలు ఫీడ్ గాడుల్లో అడుగంటుతాయి, వాటిని సులువుగా విప్పి కడగగలిగే పెన్నుకే పరిమితం చేయండి. ఇనుము కలిసిన సిరాను పెన్నులో ఎండనివ్వకండి. బొమ్మలు వేయడానికి వాడే లక్క కలిసిన నల్ల సిరాను ఫౌంటెన్ పెన్నులో పోస్తే ఆ పెన్నును మరిచిపోవాల్సిందే. రెండు సిరాలను కలిపి ప్రయోగాలు చేయాలనిపిస్తే పెన్నులో కాకుండా గాజు పాత్రలో కలిపి ఒకటి రెండు రోజులు ఉంచి, అడుగున మడ్డి చేరలేదని చూసుకున్నాకే వాడండి. ఇంకో మాట, పెన్ను బాగా రాయడం లేదనుకునే చాలా సందర్భాల్లో తప్పు కాగితానిది. సిరా నారల వెంట పాకిపోయే కాగితం మీద ఎంత సన్నని పాళీ అయినా లావుగానే రాస్తుంది. ఎనిమిదో పెన్నుకు పెట్టే డబ్బులో కొంత భాగం మంచి కాగితానికి పెడితే ఉన్న ఏడూ మెరుగుపడతాయి.

పాత పెన్నులు నిస్సందేహంగా కొనవచ్చు, చూడటం తెలిస్తే. మొదట పాళీ మొన చూడండి. గింజ ఒకవైపు అరిగిపోయి ఉంటే, పాత యజమాని చేతి వాలుకు అది అలవాటుపడిందని అర్థం, మీ చేతికి అది గీరుతుంది. తరువాత మూత అంచున వెంట్రుకవాసి పగుళ్ళ కోసం వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. ఒంటి మీద చెక్కిన కంపెనీ ముద్ర పదునుగా ఉందా, అరిగిందా అన్నది ముఖ్యం. ‘కొత్తదానిలా మెరుస్తోంది’ అని అమ్మే పెన్ను మీద ముద్ర మసకబారి ఉంటే, ఎవరో యంత్రం మీద పెట్టి పాలిష్ చేసి పైపొరను తీసేశారు. నాకైతే గీతలు పడి ముద్ర నిలిచిన పెన్నే ఎక్కువ ఇష్టం. మూడు నాలుగు పెన్నుల భాగాలు కలిపి ఒకటిగా చేసి అమ్మడం కూడా ఉంది. ఒంటి కాలం ఒకటి, పాళీ కాలం ఇంకొకటి అయితే ధర తగ్గాలి, రాతకు మాత్రం నష్టం లేదు. పేరున్న ఖరీదైన పెన్నులకు నకిలీలు బాగా పెరిగాయి కాబట్టి, పాళీ మీది చెక్కుడు, మూత మరల నాణ్యత తెలిసిన ఫోటోలతో పోల్చి చూడనిదే డబ్బు చెల్లించకండి. రబ్బరు సంచి ఉన్న పెన్నులో సంచి గట్టిపడి ఉండటం లోపం కాదు. అది మార్చగలిగే వస్తువే, లక్కతో అతికిస్తారు. అయితే గట్టిపడిన సంచి మీద మీటను బలవంతంగా ఎత్తితే మీట విరుగుతుంది. విప్పేటప్పుడు రాని భాగాన్ని ఎన్నడూ బలంతో లాగవద్దు, కొద్దిపాటి వేడి, చాలా ఓపిక కావాలి.

ఎన్నింటికి సిరా నింపి ఉంచాలంటే, రోజూ చేతికి వచ్చేవెన్నో అన్నే. మూడు దాటితే నాలుగోది ఎండుతుంది. వాడనిదాన్ని గది వేడిమిలో ఉన్న నీళ్ళతో కడిగి, పాళీని మెత్తటి గుడ్డలో పెట్టి ఆరనిచ్చి దాచండి. సిరా ఉన్నదాన్ని పాళీ పైకి ఉండేలా నిలబెట్టండి.

ఇక మీ చివరి ప్రశ్న. కొత్త రంగు వద్దు, పార్కర్ 51 తీసుకోండి. అది 1941లో అమ్మకానికి వచ్చింది, దాదాపు మూడు దశాబ్దాల పాటు విపరీతంగా అమ్ముడుపోయింది, అందుకే ఈ రోజుకీ మంచి స్థితిలో సులువుగా దొరుకుతుంది, తొందరపడాల్సిన పని లేదు. త్వరగా ఆరిపోయే సిరా కోసం దాన్ని రూపొందించారు. ఆ సిరా క్షారగుణం సెల్యులాయిడ్‌ను పాడుచేసేది కాబట్టి ఒంటిని లూసైట్ అనే యాక్రిలిక్‌తో చేశారు. పాళీ ఎండిపోకుండా దాన్ని మొన తప్ప మొత్తం కప్పేశారు. మీరు చూసిన ఏరోమెట్రిక్ రకం 1948 నుంచి వచ్చినది. దాని సంచి రబ్బరుది కాదు, ప్లాస్టిక్‌ది, చాలావాటిలో నేటికీ పనిచేస్తోంది. ఒంటి మీద అంకె, చుక్కలు కనిపిస్తే అంకె తయారైన సంవత్సరపు చివరి అంకె, చుక్కలు ఆ సంవత్సరంలో ఏ త్రైమాసికమో చెబుతాయి. దాని పాళీ గట్టిగా ఉంటుందనీ, వంగదనీ, గీతలో లావు సన్నాల విలాసం చూపదనీ ముందే తెలుసుకోండి. అది పొడవాటి రాతకు చేసిన పాళీ.

కొనేముందు అమ్మేవారిని రెండు అడగండి: పాళీ మొనను దగ్గరగా తీసిన ఫోటో, నీళ్ళలో ముంచి లోపలి లోహపు పట్టీని నొక్కినప్పుడు బుడగలు వస్తున్నాయా అన్న సమాచారం. బుడగలు వచ్చి, వదిలిన తరువాత నీళ్ళు పైకి ఎక్కితే సంచి బాగుంది. ఇంటికి వచ్చాక వెంటనే సిరా పోయకండి. పాళీ చుట్టూ కప్పులోపల ఉన్న పలకల సందుల్లో పాత సిరా ఏళ్ళ తరబడి ఎండి ఉంటుంది. మొన భాగాన్ని మాత్రమే మామూలు నీళ్ళలో ఉంచి, నీళ్ళు మారుస్తూ, మధ్యమధ్య పట్టీని నొక్కుతూ రెండు మూడు రోజులు కడగండి. అద్దుడు కాగితానికి మొన ఆనించినప్పుడు రంగు లేని తడి మాత్రమే దిగితే, అప్పుడు మీ దగ్గరున్న నీలం సిరాల్లో అన్నిటికంటే సాదాదాన్ని నింపి మొదలుపెట్టండి.